పొట్లం మీది హెచ్చరిక పల్లెకూ చేరాలి

2021 జూన్‌లో యూరోపియన్ యూనియన్ మొట్టమొదటిసారి ఒక పురుగును మనుషుల ఆహారంగా అమ్ముకోవడానికి అనుమతించింది. అది పసుపు మీల్‌వార్మ్ అనే పెంకుపురుగు లార్వా. అనుమతితో పాటే ఒక షరతూ విధించింది. రొయ్యలు, పీతల వంటివి పడనివారికీ, ఇంటి దుమ్ములో బతికే డస్ట్ మైట్లు పడనివారికీ దీనివల్ల అలర్జీ రావచ్చని పొట్లం మీద రాయాలన్నది ఆ షరతు. తర్వాతి రెండేళ్లలో మిడత, కీచురాయి, మరో రకం లార్వా ఆ జాబితాలో చేరాయి. ప్రతిదాని వెంటా అదే తరహా హెచ్చరిక వెళ్లింది. పురుగు రుచికి ఇంకా అలవాటుపడని సమాజం, తినబోయే ముందే తన పౌరులకు ప్రమాదమేమిటో చెప్పింది.

తరతరాలుగా తింటున్నవారికి మాత్రం ఆ మాట చేరలేదు. బస్తర్ సంతల్లో ఆకు డొప్పల్లో అమ్మే ఎర్రచీమల మీద ఏ హెచ్చరికా ఉండదు. అస్సాం ఇళ్లలో వండుకునే ఎరి పట్టు ప్యూపాల మీదా ఉండదు. తొలకరి జల్లు పడిన రాత్రి దీపం చుట్టూ ముసిరే ఉసిళ్లను పట్టి, వేయించుకుని తినే తెలుగు పల్లెల్లోనూ ఉండదు. విడిగా అమ్మే తిండికి, పట్టుకుని వండుకునే తిండికి లేబుల్ అతికించడం సాధ్యమయ్యే పని కాదు. అయితే లేబుల్ మీద ఉండే సమాచారం మనిషి నోటి ద్వారా చేరవచ్చు, లేబుల్ ఇవ్వలేని మందు ఆరోగ్య కార్యకర్త సంచిలో ఉండవచ్చు. ఈ రెండూ అందించడం ప్రభుత్వాల బాధ్యత. తినేవారి తిండిని చిన్నచూపు చూడకుండా ఆ బాధ్యత నెరవేర్చడం ఎలాగన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. పురుగులు మంచి తిండి. మాంసకృత్తులు, కొవ్వు, ఇనుము, జింకు వాటిలో పుష్కలంగా ఉంటాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో వెలువరించిన నివేదిక వాటిని రేపటి ఆహార భద్రతకు ఒక దారిగా చూపింది. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా ఆదివాసీలు నూరుకునే సిమిలిపాల్ ‘కాయ్’ చట్నీకి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అడవి చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలను ఉప్పు, మిరప, అల్లం, వెల్లుల్లితో కలిపి నూరే పచ్చడి అది. ఆ గుర్తింపు న్యాయమైనది. గోదావరి లోయలో గుత్తికోయలు తినే చీమల పచ్చడి కూడా ఈ సంప్రదాయానికి చెందినదే. పల్లీలు, పాలు, గుడ్లు, రొయ్యలు కూడా కొందరికి పడవు. అంతమాత్రాన వాటిని తిండి జాబితా నుంచి ఎవరూ తీసేయలేదు. పురుగులకూ అదే కొలమానం వర్తించాలి.

నమోదైన లెక్కలు

పురుగుల వల్ల ప్రాణాంతకమైన అలర్జీ రావడం ఊహాగానమేమీ కాదు. చైనా వైద్య సాహిత్యంలో 1980 నుంచి 2007 వరకు వచ్చిన నివేదికలను పరిశోధకులు ఒకచోట చేర్చారు. తిండి వల్ల అనఫిలాక్సిస్ అనే ప్రాణాంతక అలర్జీ షాక్‌కు గురైన 358 మందిలో 63 మందికి కారణం పురుగులే. ఆ 63లో మిడతల వంటి రెండు రకాల వల్ల 27 చొప్పున, పట్టు ప్యూపాల వల్ల అయిదు కేసులు వచ్చాయి. పట్టు ప్యూపాలు తిని తీవ్ర అలర్జీకి గురయ్యేవారు ఆ దేశంలో ఏటా వెయ్యికి పైగా ఉంటారని 2008లో ఒక అధ్యయనం అంచనా వేసింది. థాయ్‌లాండ్‌లోని ఒక పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో జరిగిన అధ్యయనంలో 36 అనఫిలాక్సిస్ కేసులు పరిశీలిస్తే, వాటిలో ఏడు వేయించిన పురుగులు తిన్నవారివి. అంటే దాదాపు ప్రతి అయిదింటిలో ఒకటి.

ఇవన్నీ ఆసుపత్రి దాకా వచ్చినవారి లెక్కలు. పల్లెలో పరిస్థితిని కొంత దగ్గరగా చూపింది లావోస్ అధ్యయనం. అక్కడ వెయ్యికి పైగా పెద్దవారిని ప్రశ్నించి 2015లో ఫలితాలు ప్రచురించారు. వారిలో దాదాపు అందరూ పురుగులు తినేవారే. ఏదో ఒక సమయంలో అలర్జీ ఇబ్బంది ఎదురైందని 7.6 శాతం మంది చెప్పారు. అవి వారు స్వయంగా చెప్పిన మాటలే, ప్రయోగశాలలో నిర్ధారించినవి కావు. అయినా గ్రామస్థాయిలో ఈ ప్రశ్న అడిగితే జవాబు వస్తుందని ఆ సర్వే నిరూపించింది. ఆఫ్రికాలో మోపానే అనే గొంగళిపురుగు కోట్లాది రూపాయల గ్రామీణ వ్యాపారం. ఆడవాళ్లు చెట్ల నుంచి ఏరి, పేగులు పిండి, ఉప్పునీళ్లలో ఉడికించి, ఎండబెట్టి అమ్ముతారు. ఆ పురుగు తిన్న ఒక మహిళకు అలర్జీ వచ్చిన ఉదంతాన్ని 2010లో బోట్స్‌వానా వైద్యులు వైద్య పత్రికలో నమోదు చేశారు. ఆ ప్రాంత ప్రజలకు మోపానే ఎంతో కాలంగా అలవాటైన తిండి. వైద్య పత్రికలకు ఎక్కిన కేసులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. పల్లెలో జరిగేదానికీ పత్రికలో నమోదయ్యేదానికీ మధ్య దూరం ఎంతో ఇది చెబుతుంది.

రొయ్య నుంచి మిడత దాకా

పురుగు పడకపోవడానికీ రొయ్య పడకపోవడానికీ సంబంధం ఏమిటి? దీని జవాబు వెతికినవారిలో మన పొరుగు నగరంలోని శాస్త్రవేత్తలూ ఉన్నారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పి.వి.సుబ్బారావు బృందం మన తీరంలో దొరికే తెల్ల రొయ్య మీద పనిచేసింది. ఉడికించినా చెక్కుచెదరని అలర్జీ కారకాలు రొయ్యలో ఉన్నాయని 1989లో తేల్చింది. వాటిలో ముఖ్యమైనది ట్రోపోమయోసిన్ అనే కండరపు మాంసకృత్తు అని 1993లో అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి ప్రకటించింది. దేశంలో అత్యధికంగా రొయ్యలు పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ కాబట్టి ఈ పరిశోధన తెలుగువారికి మరీ దగ్గరిది.

రొయ్యలు, పీతలు, పురుగులు, చీమలు, మైట్లు అన్నీ కీళ్లకాళ్ల జీవులే. వాటి ట్రోపోమయోసిన్లు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. శరీరం ఒకదాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటే, మరొకటి ఎదురైనప్పుడు దానిమీదా తిరగబడవచ్చు. రొయ్యలు తిన్నప్పుడు దద్దుర్లు వచ్చే మనిషి మిడత తిన్నా, పట్టు ప్యూపా తిన్నా అదే ఇబ్బంది పడవచ్చు. ఎన్నడూ పురుగు రుచి చూడని మనిషికి కూడా తొలిసారి తిన్నప్పుడే తీవ్ర అలర్జీ రావడానికి ఇదో కారణం. అతని శరీరం ఇంటి దుమ్ములోని మైట్లతోనో, రొయ్యలతోనో ముందే పరిచయం పెంచుకుని ఉంటుంది. ఉసిళ్లు రెక్కలొచ్చిన చెదలే, శాస్త్రీయ వర్గీకరణలో చెదలు బొద్దింకల వరుసకే చెందుతాయి. అందుకే బొద్దింకలు పడక ఉబ్బసంతో బాధపడేవారు ఉసిళ్ల విషయంలోనూ జాగ్రత్తగా ఉండటం మంచిది.

వంట ఇక్కడ పూర్తి రక్ష కాదు. వేయించడం, ఉడికించడం వల్ల సూక్ష్మక్రిములు చస్తాయి, రుచి పెరుగుతుంది. ట్రోపోమయోసిన్ మాత్రం వేడిని తట్టుకుంటుంది. ‘బాగా వేయించాం కదా, ఏం కాదు’ అన్న ధీమా బ్యాక్టీరియా విషయంలో చాలావరకు సరైనది. అలర్జీ విషయంలో అది తప్పుదారి పట్టిస్తుంది.

అలర్జీలా కనిపించే ఇతర జబ్బులు

పురుగు తిన్నాక వచ్చే ప్రతి ఇబ్బందీ అలర్జీ కాదు. ఈ తేడా తెలియకపోతే వైద్యమూ తప్పుతుంది, తిండి మీద అనవసరమైన అపనిందా పడుతుంది. చచ్చిన పురుగులను వేడిలో ఎక్కువసేపు నిల్వ ఉంచితే వాటిలో బ్యాక్టీరియా పెరిగి హిస్టమిన్ తయారవుతుంది. అది తిన్నవారికి మొహం ఎర్రబడటం, దురద, తలనొప్పి, వాంతులు వస్తాయి. చూడటానికి అచ్చం అలర్జీలాగే ఉంటుంది. థాయ్‌లాండ్‌లో వేయించిన మిడతలు, పట్టు ప్యూపాలు తిన్న విద్యార్థుల్లో ఇలాంటి హిస్టమిన్ విషప్రభావాలు నమోదయ్యాయి. ఒకే పళ్లెంలో తిన్న పదిమందికి ఒకేసారి లక్షణాలు కనిపిస్తే నిల్వలోనే లోపం ఉందని మొదట అనుమానించాలి. పదిమంది తిన్నా ఒక్కరికే వస్తే, తిన్న ప్రతిసారీ ఆ ఒక్కరికే వస్తుంటే అది అలర్జీ కావచ్చు.

పశ్చిమ నైజీరియా అనుభవం ఇంకో పాఠం చెబుతుంది. అక్కడ వానకాలంలో కొందరికి నడక తడబడి, ఒళ్లు వణికి, స్పృహ తప్పే జబ్బు ఏటా వచ్చేది. ఆ కాలంలో తినే ఒక రకం పట్టు గొంగళిలో థయామిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉందనీ, సరైన పోషణ లేనివారిలో అదే ఈ జబ్బుకు దారితీస్తోందనీ 1990లలో పరిశోధకులు గుర్తించారు. థయామిన్ విటమిన్ ఇస్తే రోగులు కోలుకున్నారు. ఊరివాళ్లు తినే తిండిని గౌరవంగా అడిగి తెలుసుకుని, కారణాన్ని పట్టుకుని, చవకైన మందుతో పరిష్కరించిన ఉదాహరణ ఇది. అలర్జీ విషయంలోనూ మనం నడవాల్సిన బాట ఇదే.

పల్లెలో ఎందుకు కనపడదు

పల్లెలో దద్దుర్లు వస్తే మొదట వినిపించే మాట పైత్యం. పెదాలు వాచితే ఏదో కుట్టిందంటారు. ఆయాసం వస్తే వాన గాలి అంటారు. తొలకరిలోనే ఉసిళ్లు వస్తాయి, అప్పుడే దోమలు, తేళ్లు, పుప్పొడి, బూజు, జ్వరాలు కూడా చుట్టుముడతాయి. ఇంతమంది అనుమానితుల మధ్య ముందురోజు రాత్రి తిన్న గుప్పెడు ఉసిళ్లు ఎవరికీ గుర్తురావు. పైగా ఆ తిండి గురించి డాక్టరు దగ్గర చెప్పడానికి చాలామందికి సిగ్గు. అడవి బిడ్డల తిండిని ఎగతాళి చేసిన చదువుకున్న సమాజమే ఆ సిగ్గును నేర్పింది. ఏం తిన్నావని అడిగితే అన్నం, పప్పు అని చెప్పి ఊరుకునే రోగి దగ్గర ఏ వైద్యుడైనా అసలు కారణం కనుక్కోలేడు. ఎగతాళి ఇక్కడ మర్యాద సమస్యగా మిగిలిపోదు, రోగనిర్ధారణకే అడ్డం పడుతుంది.

వైద్యం అందే తీరు ఇంకో అడ్డంకి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే అవిల్, డెక్సా ఇంజెక్షన్ ఇచ్చి పంపుతాడు. సాధారణ దద్దుర్లకు దానివల్ల ఉపశమనం దొరుకుతుంది. గొంతు మూసుకుపోతున్నప్పుడు, రక్తపోటు పడిపోతున్నప్పుడు ప్రాణం నిలబెట్టే మొదటి మందు అడ్రినలిన్. దాన్ని తొడ కండరానికి, ఆలస్యం లేకుండా ఇవ్వాలి. అనఫిలాక్సిస్‌లో లెక్క నిమిషాల్లో ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ గూడేల నుంచి రోగిని డోలీలో మోసుకుని రోడ్డెక్కడానికే గంటలు పడుతున్న చోట, ఆ మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉందన్న సంగతి ఒక్కటే ఎవరినీ కాపాడదు.

పరీక్షల్లోనూ ఒక చిక్కు ఉంది. ఏలికపాముల్లో కూడా ట్రోపోమయోసిన్ ఉంటుంది, అది మైట్ల దానికి దగ్గరగా ఉంటుంది. కడుపులో పాములు ఎక్కువగా ఉండే పేద పల్లెల్లో రక్తపరీక్ష అలర్జీ ఉన్నట్టు చూపినా, మనిషికి తిన్నప్పుడు ఏ ఇబ్బందీ రాకపోవచ్చు. కాబట్టి పట్నం ల్యాబ్ నివేదిక ఒక్కదాన్ని చూసి ‘నువ్వు ఇక పురుగులు తినకూడదు’ అని చెప్పడం, ఉన్న ఒక్క చవక మాంసకృత్తును పేదవాడి కంచంలోంచి తీసేయడమే అవుతుంది. తిన్నప్పుడు ఏం జరిగిందన్న రోగి మాటకే మొదటి విలువ ఇవ్వాలి.

రెండు అభ్యంతరాలు

‘మా తాతముత్తాతలు తిన్నారు, మాకేం కాలేదు’ అనేది మొదటి వాదన. ఇందులో కొంత నిజం ఉండే అవకాశం లేకపోలేదు. పల్లీల మీద బ్రిటన్‌లో జరిగి 2015లో ఫలితాలు వెలువడిన పెద్ద పరిశోధన, పసితనం నుంచే ఆ తిండి పెడితే అలర్జీ గణనీయంగా తగ్గుతుందని చూపింది. పురుగులు తినే సమాజాల్లోనూ చిన్నప్పటి నుంచి అలవాటు కొంత రక్షణ ఇస్తూ ఉండవచ్చు. కానీ ఊరికి ఏం కాలేదన్న మాట, ఊళ్లోని ప్రతి ఒక్కరికీ ఏం కాదన్న హామీ కాజాలదు. చైనా, థాయ్‌లాండ్ లెక్కలు వచ్చింది కూడా తరతరాలుగా పురుగులు తింటున్న నేలల నుంచే.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. పోషకాహార లోపంతో సతమతమయ్యే ఆదివాసీల దగ్గర అలర్జీ గురించి మాట్లాడితే ఉన్న తిండి కూడా మానేస్తారని కొందరు కార్యకర్తల ఆందోళన. అది న్యాయమైన ఆందోళన. అయితే మౌనం దానికి పరిష్కారం కాజాలదు. కారణం తెలియని జబ్బు మీద ఊరంతా భయపడుతుంది. ఫలానావారికి మాత్రమే ముప్పు, ఫలానా లక్షణాలు వస్తే ఫలానా పని చేయాలి అని తెలిసిన ఊరు, మిగతావారిని నిశ్చింతగా తిననిస్తుంది. తెలిపే తీరులో గౌరవం ఉంటే సమాచారం తిండిని కాపాడుతుంది.

చేయవలసినవి

మొదటిది, ఇప్పటికే ఉన్న ఒక ఏర్పాటును విస్తరించడం. టీకాలు వేసే రోజున తీవ్ర అలర్జీ వస్తే ఎదుర్కోవడానికి ఏఎన్‌ఎంల దగ్గర అడ్రినలిన్ ఉన్న అనఫిలాక్సిస్ కిట్ ఉంటోంది. పెద్దాసుపత్రికి పంపే ముందు ఒక డోసు ఇచ్చే అధికారం కూడా జాతీయ మార్గదర్శకాలు ఆమెకు ఇచ్చాయి. టీకా వల్ల వచ్చిన అనఫిలాక్సిస్‌కూ, చీమల పచ్చడి వల్ల, తేనెటీగ కుట్టడం వల్ల వచ్చినదానికీ మందు ఒక్కటే. ఆ కిట్‌ను, ఆ అధికారాన్ని టీకా శిబిరం గడప దాటించాలి. ఐటీడీఏ ప్రాంతాల్లోని ప్రతి ఉప కేంద్రంలో ఏడాది పొడవునా, ముఖ్యంగా వానకాలంలో, గడువు తీరని అడ్రినలిన్ ఆంపూళ్లు ఉండేలా చూడాలి. ఆ మందు ఖరీదైనది కాదు, అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నదే.

రెండోది, ప్రశ్న అడగడం. దద్దుర్లతో, వాపుతో, హఠాత్తుగా వచ్చిన ఆయాసంతో వచ్చిన ప్రతి రోగినీ ‘గత కొన్ని గంటల్లో ఏం తిన్నారు, చీమలు, ఉసిళ్లు, పట్టు పురుగులు ఏమైనా తిన్నారా’ అని ఆశా కార్యకర్త అడగాలి. ‘రొయ్యలు, ఎండు రొయ్యలు తింటే పడకపోవడం ఎప్పుడైనా జరిగిందా’ అన్నది దానికి తోడు ప్రశ్న. కోయ, గోండి, కువి, సవర భాషల్లో ఆ ప్రశ్నలు ఉండాలి. అడిగే గొంతులో వెటకారం ఉండకూడదు. శిక్షణలో ఇది కూడా భాగం కావాలి.

మూడోది, పనివాళ్లను మరచిపోకపోవడం. పట్టు దారం తీసే ఫిలేచర్లలో పనిచేసేవారికి వచ్చే ఆస్తమా మీద సుబ్బారావు బృందం 1985లోనే అధ్యయనం ప్రచురించింది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ చుట్టూ, చెన్నూరు, మహదేవ్‌పూర్ దసలి పట్టు ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు ఈ వృత్తి మీదే బతుకుతున్నాయి. పురుగు పొడిని ఏళ్ల తరబడి పీల్చినవారికి తర్వాత అదే పురుగు తిన్నా ముప్పు ఉండవచ్చు. వారికి గాలి ఆడే షెడ్లు, మాస్కులు, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష పట్టు పరిశ్రమ శాఖ పథకాల్లో భాగం కావాలి.

నాలుగోది చట్టానికి సంబంధించినది. దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 లేబులింగ్ నిబంధనల్లోని అలర్జీ కారకాల జాబితాలో పల్లీలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి ఉన్నాయి. పురుగులు లేవు. భౌగోళిక గుర్తింపు వచ్చాక చీమల పచ్చడి సీసాల్లో నగరాలకు చేరే రోజు దూరంలో లేదు. ఆ సీసా మీద రొయ్యలు పడనివారికి హెచ్చరిక ఉండాలి. కాక్టస్ మీద బతికే కీటకం నుంచి తీసే కార్మైన్ ఎర్ర రంగు అలర్జీ తెస్తున్నందున, దాన్ని పేరుతో సహా లేబుల్ మీద రాయాలని అమెరికా 2011 నుంచి నిబంధన అమలు చేస్తోంది. నగరవాసి తెలియకుండా తినే కీటకానికే ఆ జాగ్రత్త ఉన్నప్పుడు, తెలిసి కొనుక్కునే కీటకానికి లేకపోవడం సరికాదు. అయితే ఈ నిబంధన సంతలో ఆకు డొప్ప పెట్టుకుని కూర్చునే ఆదివాసీ మహిళ మీద జరిమానాగా పడకూడదు. ప్యాకింగ్ చేసి అమ్మే కంపెనీకి మాత్రమే అది వర్తించాలి.

అయిదోది పరిశోధన. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు ఆదివాసీ ఆహారం మీద దశాబ్దాల అనుభవం ఉంది. లావోస్ తరహాలో బస్తర్ అంచు గ్రామాల్లో, ఉత్తరాంధ్ర ఏజెన్సీలో, ఈశాన్య రాష్ట్రాల్లో ఒక సర్వేకు అది నాయకత్వం వహించగలదు. ఏ పురుగు, ఎంత మోతాదులో, ఎలా వండి తింటారు, ఎవరికి ఎప్పుడు ఇబ్బంది వచ్చింది అన్న నాలుగు ప్రశ్నలతో అది మొదలుకావచ్చు. ఆ సర్వే బృందంలో ఆదివాసీ యువతీయువకులు పరిశోధకులుగా ఉండాలి. తమ తిండి గురించి వారికున్న జ్ఞానం ఏ ప్రయోగశాలలోనూ దొరకదు.

వీటిలో ఏ ఒక్కటీ భారీ ఖర్చుతో కూడినది కాదు. కిట్ ఉంది, ఏఎన్‌ఎం ఉంది, ఆశా ఉంది, పోషకాహార సంస్థ ఉంది, అలర్జీ కారకాన్ని పట్టుకున్న శాస్త్రమూ మన పక్కనే పుట్టింది. కొరవడింది ఆదేశం ఒక్కటే. వచ్చే తొలకరికి ముందే తెలుగు రాష్ట్రాల వైద్య, గిరిజన సంక్షేమ శాఖలు కలిసి కూర్చుని, అడ్రినలిన్ ఉప కేంద్రాలకు చేర్చే ఉత్తర్వుతో ఈ పని మొదలుపెట్టాలి. ఎర్రచీమల పచ్చడి నూరుకునే గూడెంలోని మనిషి ప్రాణానికి, బ్రస్సెల్స్‌లో పొట్లం విప్పే మనిషి ప్రాణానికి ఉన్నంత విలువే ఉంది. ఆ విలువను ఒప్పుకున్న ప్రభుత్వం చేయాల్సిన మొదటి పని ఇదే.